రూమ్ తీసుకునే ముందే ఖాళీ చేసే రోజు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. ఉస్మానియా యూనివర్సిటీలో ఎంఎస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం అయిపోతోంది. ఇప్పటిదాకా ఒక ప్రైవేట్ హాస్టల్‌లో ఉన్నాను. గదికి ఐదుగురం, నెలకు 6,500. అక్కడి తిండి నాకు పడటం లేదు, రాత్రి పన్నెండు దాటినా లైటు ఆర్పరు, చదువు సాగడం లేదు. నేనూ ఇద్దరు క్లాస్‌మేట్లూ కలిసి ఇల్లు తీసుకుందాం అనుకుంటున్నాం, ఖర్చు కూడా తగ్గుతుంది. విద్యానగర్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ ఉందని తెలిసింది, బయటి నుంచి చూసొచ్చాం. అద్దె 14 వేలు, అడ్వాన్స్ రెండు నెలలు. హబ్సిగూడలో ఇంకొకటి ఆన్‌లైన్‌లో కనిపించింది, 9 వేలే, ఫోటోల్లో చాలా బాగుంది. ఓనర్ ఆర్మీలో ఉన్నారట, వేరే ఊళ్లో డ్యూటీ, 5 వేలు టోకెన్ పంపితే మా కోసం ఆపుతానంటున్నారు. మిగతా చోట్ల బ్యాచిలర్స్‌కి ఇవ్వం అంటున్నారు, ఆడపిల్లలం అన్నా వినడం లేదు. నాన్న అసలు వద్దంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

ముందు హబ్సిగూడ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ జవాబు నీ కంటపడేలోపే ఆ 5 వేలు వెళ్లిపోతాయేమోనని నా భయం. పంపకు. ఒక్క రూపాయి కూడా పంపకు. చెల్లెలి వయసు పిల్లవి కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. చుట్టుపక్కల 14, 15 వేలు నడుస్తున్న చోట 9 వేలకే ఇల్లు, ఓనర్ ఊళ్లో ఉండడు, తాళం ఎవరి దగ్గర ఉందో చెప్పడు, డబ్బు మాత్రం ముందు కావాలంటాడు. ఇవన్నీ కలిసి వచ్చాయంటే అక్కడ అతనికి ఇల్లు లేదు, ఫోటోలే ఉన్నాయి. ఆ ఫోటోలు కూడా వేరే ఎవరో తమ ఇల్లు అద్దెకివ్వడానికి పెట్టుకున్నవి అయి ఉంటాయి. ఆర్మీ పేరు వాడుకోవడం ఈ మోసాల్లో బాగా పాత పద్ధతి. యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు, ఒక్కోసారి ఆధార్ కూడా పంపిస్తారు, జవాను అంటే మనకుండే గౌరవమే వాళ్ల పెట్టుబడి. టోకెన్ తర్వాత గేట్ పాస్‌కి ఇంత అంటారు, నువ్వు అనుమానపడితే "మీ డబ్బు వెనక్కి పంపిస్తున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో మనకు డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ఊళ్లో ఉన్న మీ నాన్నకూ చెప్పు. ఒకవేళ ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, బ్యాంకుకూ చెప్పు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక విద్యానగర్. దానికంటే ముందు నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాను, "ఖర్చు కూడా తగ్గుతుంది" అన్నావు. కాగితం తీసి లెక్క వేద్దాం. 14 వేలు ముగ్గురికి పంచితే తలా దాదాపు 4,700. కరెంటు, మెయింటెనెన్స్, వైఫై, మంచినీళ్ల క్యాన్లు కలిపి ఇంకో ఏడెనిమిది వందలు. బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాస్... ఎంత పొదుపుగా వండుకున్నా మనిషికి రెండున్నర వేలకు తగ్గదు. అప్పుడే 8 వేల దగ్గరికి వచ్చాం. పరీక్షలప్పుడు వండుకునే తీరిక లేక కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేది వేరే. హాస్టల్‌లో అయితే ఎండాకాలం సెలవులకు ఖాళీ చేసి ఊరికి పోవచ్చు, ఇంటి అద్దె మాత్రం దసరాకీ ఆగదు, సంక్రాంతికీ ఆగదు. చేరే రోజు కట్టాల్సింది చూడు: అడ్వాన్స్ 28 వేలు, మొదటి నెల అద్దె 14 వేలు, మొత్తం 42 వేలు, తలా 14 వేలు. ఆపైన పరుపులు, బకెట్లు, స్టవ్, కుక్కర్. గ్యాస్‌కి ఐదు కిలోల చిన్న సిలిండర్ తీసుకోండి, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ కోసం తిరగక్కర్లేదు.

అందుకని ఖర్చు తగ్గుతుందని నాన్నతో అనకు, రెండో నెలలోనే ఆ మాట తప్పిపోతుంది, ఆ తర్వాత నువ్వు చెప్పే మిగతావి కూడా ఆయన నమ్మరు. నిద్ర కోసం, చదువు కోసం, ఒంటికి పడే తిండి కోసం నెలకు ఇంకో 1,500 ఎక్కువ అవుతుంది నాన్నా అని ఉన్నదున్నట్టు చెప్పు. ఆ 1,500 ఇంట్లో కష్టమైతే ఇద్దరు షేరింగ్ ఉండే వేరే హాస్టల్ ఒకటి చూసుకో, అందులో తక్కువేమీ లేదు.

ఇల్లే అని తేల్చుకున్నావనుకో. అప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం వింటావా? ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అందరం గదులు చూస్తాం, వంటగట్టు చూస్తాం, బాల్కనీలో నిలబడి మురిసిపోతాం. ఖాళీ చేసే రోజు గురించి ఒక్కరం అడగం. ఇంకా చేరనైనా చేరకుండా ఖాళీ మాట ఎత్తితే ఓనర్ ఏమనుకుంటారోనని మొహమాటం. కుటుంబాలైతే ఐదేళ్లుంటాయో పదేళ్లుంటాయో ఎవరూ చెప్పలేరు, చదువుకునే పిల్లలు మాత్రం కోర్సు అవగానే వెళ్లిపోతారని ఓనర్‌కీ తెలుసు, నీకూ తెలుసు. ఇద్దరికీ తెలిసిన రోజు గురించి మాట్లాడుకోవడానికి మొహమాటం ఎందుకు? నీ 28 వేలు వెనక్కి వస్తాయా రావా అన్నది చేరేటప్పుడు నువ్వు అడిగే నాలుగు మాటల్లోనే తేలిపోతుంది.

ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది. పీజీ చేసేటప్పుడు నల్లకుంటలో ఒక ఇంటి మూడో అంతస్తులో ముగ్గురం ఉండేవాళ్లం. ఓనర్ ఆంటీ మంచి మనిషి, పండగ వస్తే పులిహోర పంపేవారు, ఆ చనువుకొద్దీ ఏదీ కాగితం మీద పెట్టలేదు. మేలో పరీక్షలు అయిపోయి సామాన్లు కట్టుకుంటుంటే అంకుల్ పైకి వచ్చారు. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె, నెల ముందు చెప్పలేదు కాబట్టి ఇంకో నెల, ఇంకేముంది, రెండు నెలల అడ్వాన్స్ అక్కడికక్కడే సరిపోయింది. వంటగది గోడ మీద చెమ్మ మరక మేం చేరిన రోజు నుంచీ ఉంది, అదీ మా ఖాతాలోనే పడింది. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. సాయంత్రం రైలు, గొడవపడే ఓపిక లేదు, వచ్చేశాం. ఆ డబ్బులో నా వాటా మా అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చింది. ఇన్నేళ్లయినా ఆ మధ్యాహ్నం తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

కాబట్టి విద్యానగర్ ఓనర్ దగ్గర ఈ మాటలు మొదటి రోజే కదిలించు. ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారు? హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇలా పట్టుకోవడం మామూలే, అడిగితే నొచ్చుకునే విషయం కాదు. కొందరు ఒక నెల అద్దె అంటారు, కొందరు అయినంత ఖర్చు అంటారు, ఏడాది కూడా ఉండం కదా అంకుల్, సగం చేయండి అని అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు కూడా. మూడోది, చాలామంది మర్చిపోయేది: అడ్వాన్స్ తాళం ఇచ్చిన రోజే ఇస్తారా, కొత్తవాళ్లు చేరాక ఇస్తారా? "ఎవరైనా చేరాక ఇస్తాలే అమ్మా" అన్నారంటే నువ్వు ఊళ్లో కూర్చుని నెలలతరబడి ఫోన్లు చేస్తూ ఉండాలి. అందుకని చివరి నెల అద్దె అడ్వాన్స్‌లో పట్టుకుని, మిగతా నెల డబ్బులో పెయింటింగ్‌కి అనుకున్నంత తీసేసి, తాళం చేతికిచ్చిన రోజే మిగిలింది ఇచ్చేలా ఒప్పించుకో. నోటిమాటతో వదిలెయ్యకు, అగ్రిమెంట్‌లో రాయించు.

అగ్రిమెంట్ అంటే కంగారు పడాల్సిందేం లేదు. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద జిరాక్స్ షాపులోనే టైప్ చేసిస్తారు. మామూలుగా అన్నీ పదకొండు నెలలకే రాస్తారు. నీకిది కలిసొచ్చే లెక్కే, జూలైలో చేరితే మే ఆఖరుకి పదకొండు నెలలు, నీ కోర్సు కూడా దాదాపు అప్పటికే అవుతుంది. కాకపోతే వాళ్ల దగ్గర ముందే ఉండే నమూనాలో లాక్-ఇన్ అని ఒక లైను ఉందేమో చదువు. ఇన్ని నెలల్లోపు ఖాళీ చేస్తే అడ్వాన్స్ పోతుందని దానర్థం. అగ్రిమెంట్‌లో ముగ్గురి పేర్లూ ఉండాలి, ఒక్కరి పేరు మీదే రాస్తే రేపు తేడా వచ్చినప్పుడు భారమంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. రెండు నెలల అడ్వాన్స్ ఎక్కువేం కాదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా ఇళ్లకు రెండు నెలలకు మించకూడదనే ఉంది. అది నమూనా, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమలవుతుంది, అయినా వేరే ఎవరైనా మూడు నాలుగు నెలలు అడిగితే బేరమాడటానికి పనికొస్తుంది. ఆధార్ జిరాక్స్ అడుగుతారు, అడగడంలో తప్పులేదు. ఆఖరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ని యూఐడీఏఐ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అది సరిపోతుందేమో అడుగు. మామూలు జిరాక్సే ఇవ్వాల్సి వస్తే దాని మీద అడ్డంగా "ఇంటి అద్దె కోసం మాత్రమే" అని తేదీతో రాసి ఇవ్వు.

చేరే రోజు ఆటోలోంచి సామాన్లు దింపకముందే ఇల్లంతా ఒక వీడియో తియ్యి. గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు, బాత్రూమ్ టైల్స్, ఎక్కడైనా మరకలుంటే దగ్గరగా. "అంకుల్, ఈ రోజు చేరాం, ఇల్లు ఇలా ఉంది" అని ఆయనకే వాట్సాప్‌లో పంపించు. తగువు పెట్టుకున్నట్టూ ఉండదు, తేదీతో సాక్ష్యమూ ఉంటుంది. మా చెమ్మ మరకకి ఇలాంటి వీడియో ఒకటి ఉంటే అయిపోయేది. అద్దె కూడా నెలనెలా ఒకే నంబర్‌కి యూపీఐలో పంపుతూ "జూలై అద్దె" అని నోట్ పెట్టు.

ఇప్పుడు ఇంటికన్నా కష్టమైన విషయం, మీ ముగ్గురి సంగతి. నల్లకుంటలో మా ముగ్గురిలో ఒకమ్మాయికి సంబంధం కుదిరింది. మాఘంలో పెళ్లి, ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. సంతోషంగా పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు ఉండొచ్చాం, మార్చి ఒకటో తారీఖు వచ్చాక తెలిసింది, తన వాటా కూడా మేమిద్దరమే కట్టాలని. కొత్త పెళ్లికూతురిని అద్దె ఎలా అడుగుతాం? తనకూ తోచలేదు. మూడు నెలలు కట్టాం, మనసులో పెట్టుకున్నాం, ఆ స్నేహం మాటలు తగ్గి తగ్గి అక్కడే ఆగిపోయింది. నిజానికి తన తప్పేమీ లేదు, ముందు మాట్లాడుకోకపోవడం ముగ్గురి తప్పూ.

మీరు ఒక సాయంత్రం టీ పెట్టుకుని కూర్చోండి. ఎవరికైనా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా, ఎవరైనా మధ్యలో ఉద్యోగానికో గ్రూప్స్ కోచింగ్‌కో వెళ్లే ఆలోచనలో ఉన్నారా, నేరుగా అడుగు. వెళ్లొద్దని ఎవరినీ కట్టిపడేయలేం. మధ్యలో వెళ్లేవాళ్లు తమ బదులు ఒక అమ్మాయిని చూపించాలి, ఆ అమ్మాయి మిగతా ఇద్దరికీ నచ్చాలి, దొరికేదాకా వాటా కట్టాలి, తన అడ్వాన్స్ వాటాని ఓనర్‌ని అడగకుండా కొత్తగా వచ్చే అమ్మాయి దగ్గర తీసుకోవాలి. ఈ నాలుగు ముక్కలూ మీ వాట్సాప్ గ్రూప్‌లో రాసుకుని ముగ్గురూ సరే అని పెట్టండి. వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి, ఇంటి నుంచి ఎవరైనా వస్తే ఎన్నాళ్లుండొచ్చు, ఇవి ఒకటి రెండు వారాల్లో వాటంతటవే కుదురుతాయి, వాటికి పెద్ద చర్చ అక్కర్లేదు.

ఇల్లు చూసేటప్పుడు నేనైతే అన్నిటికన్నా ముందు నీళ్ల గురించి అడుగుతాను. నువ్వు ఇల్లు చూసేది వానలు మొదలయ్యే రోజుల్లో, అప్పుడు ఏ బోరైనా నిండుగా పోస్తుంది. ఏప్రిల్‌లో ఎలా ఉంటుందని ఓనర్‌ని అడిగితే "మాకు నీళ్లకు లోటే లేదు" అనే అంటారు. కింద పోర్షన్‌లో ఉండేవాళ్లనో పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో అడుగు: మొన్న ఎండాకాలం ట్యాంకర్ తెప్పించారా, ఎన్నిసార్లు, డబ్బులు ఎవరు పెట్టుకున్నారు? మంజీరా నీళ్లు, అంటే కుళాయికి వచ్చే సర్కారు నీళ్లు, ఎన్ని రోజులకోసారి, ఏ టైమ్‌కి వస్తాయి? మీరు ముగ్గురూ క్లాసులో ఉండే టైమ్‌కి వచ్చేట్టయితే అవి వాటంతటవే సంపులోకి వెళ్లి పైకి ఎక్కే ఏర్పాటు ఉండాలి, బిందె పెట్టి పట్టుకునే పద్ధతి మీకు కుదరదు. నల్లకుంట, విద్యానగర్ చుట్టుపక్కల పల్లంలో ఉండే వీధులు ఉన్నాయి, హుస్సేన్ సాగర్ నుంచి వచ్చే నాలా కూడా అటుగానే పోతుంది. నల్లకుంట అనే పేరులోనే కుంట ఉంది చూడు. గ్రౌండ్ ఫ్లోర్ అయితే 2020 అక్టోబరు వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చాయా అని పక్కవాళ్లను అడుగు. వచ్చి ఉంటే ఎవరూ మర్చిపోరు, మోకాలి దాకానా నడుము దాకానా చేత్తో చూపించి మరీ చెబుతారు. టెర్రస్ మీద ఒక్క గది కట్టి పెంట్‌హౌస్ అని తక్కువ అద్దెకు ఇస్తామంటే ఆశపడకు, మే నెలలో మధ్యాహ్నం ఆ స్లాబ్ కింద కూర్చోలేవు, నీ పరీక్షలు సరిగ్గా అప్పుడే.

కరెంటు మీటర్ విడిగా ఉందా, సబ్‌మీటరా అన్నది కూడా ముఖ్యమే. ఇల్లంతటికీ ఒకటే మీటర్ ఉంటే అందరి యూనిట్లూ కలిసి పై స్లాబ్‌లోకి పోతాయి, అక్కడ యూనిట్ రేటు ఎక్కువ, మీరు రెండు ఫ్యాన్లు తిప్పుకున్నా ఆ రేటే పడుతుంది. యూనిట్‌కి ఎంత తీసుకుంటారో రూపాయల్లో చెప్పించుకో.

ఒకసారి రాత్రి ఎనిమిది దాటాక ఆ వీధికి వెళ్లు. మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా లైట్లున్నాయా, సందు మొదట్లో వైన్ షాపు ఉందా, కుక్కల బెడద ఉందా, పగలు చూస్తే ఇవేవీ తెలియవు. లోపలి గడియలు, బాత్రూమ్ కిటికీ, టెర్రస్ వైపు తలుపు చేత్తో వేసి చూడు. మీ తాళం మీరు వేసుకోనిస్తారా, ఓనర్ దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుందా అడుగు. మీరు లేనప్పుడు చెప్పకుండా లోపలికి వస్తామనే ధోరణి ఉన్న ఇల్లు 5 వేలకే ఇచ్చినా వద్దు.

"బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అనే మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. ఇప్పుడు మేమూ మా ఇంటి పై పోర్షన్ అద్దెకిస్తున్నాం, ఎక్కువగా చదువుకునే పిల్లలకే, కాబట్టి గేటు లోపలి వైపు నుంచి కూడా చెప్పగలను. మాకుండే భయాలు చాలావరకు చిన్నవి. ముగ్గురని చేరి ఆరుగురు అవుతారేమో, అద్దె ఐదో తారీఖుకి రావాల్సింది ఇరవైకి వస్తుందేమో, కుళాయి కట్టకుండా కాలేజీకి వెళ్తే ట్యాంకంతా పోతుందేమో, ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారేమో. ఫోన్‌లో "బ్యాచిలర్సా?" అని అడిగి పెట్టేసేవాళ్లకి వీటికి జవాబు చెప్పే అవకాశమే నీకు దొరకదు. అందుకని ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లు, నాన్నను వెంటబెట్టుకుని వెళ్లు. ముగ్గురం, ఎంఎస్సీ చదువుతున్నాం, ఇవిగో ఐడీ కార్డులు, వచ్చే మే దాకా ఉంటాం, అద్దె ఐదులోపు వస్తుంది, ఆలస్యమైతే మా నాన్న నంబర్ ఇది అని వాళ్లు అడగకముందే నువ్వే చెప్పు. మే దాకా అని చెబితే ఇవ్వరేమో అనుకోకు, ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిస్తే మాకూ నయమే, ముందుగానే ఇంకొకరిని చూసుకోవచ్చు. ఫ్యామిలీ అని అబద్ధం చెప్పి చేరొద్దు, వారంలో బయటపడుతుంది, ఆ తర్వాత ఏడాదంతా మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా తల దించుకోవాలి. నీచు వండొద్దు, రాత్రి పదికి గేటు వేస్తాం లాంటి నియమాలుంటే చేరకముందే తెలుసుకో. ల్యాబ్ ఆలస్యమయ్యే రోజులు మీకు ఉంటాయి కాబట్టి గేటు సంగతి మరీ ముఖ్యం. కులం అడిగే ఓనర్లు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. దానికి నేనే సర్దుబాటూ చెప్పను. అడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి, అలాంటి గడపలో ఏడాది పాటు నీకు మనశ్శాంతి ఉండదు.

విద్యానగర్ కుదరకపోతే టు-లెట్ బోర్డులు చూసుకుంటూ ఆదివారం పొద్దున్నే నడవండి, ఇస్త్రీ బండి దగ్గరా కిరాణా కొట్టు దగ్గరా అడగండి, ఏ ఇల్లు ఖాళీ అవుతోందో యాప్‌ల కన్నా ముందు వాళ్లకు తెలుస్తుంది. ఇల్లు చూపించడానికే డబ్బులడిగే బ్రోకర్‌కి ఇవ్వొద్దు, కుదిరాక ఇచ్చే కమీషన్ వేరు. అన్నిటికన్నా మంచిది మీ సీనియర్లు. ఇప్పుడు ఖాళీ చేస్తున్న అమ్మాయిలను పట్టుకుని, అడ్వాన్స్ వెనక్కి వచ్చిందా అని అడుగు; వచ్చింది అంటే ఆ ఓనర్ గురించి నువ్వు తెలుసుకోవాల్సిన దాంట్లో సగం తెలిసినట్టే. ఆషాఢంలో కుటుంబాలు ఇల్లు మారవు, అందుకని ఆ నెల రోజులూ టు-లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, శ్రావణం రాగానే ఒక్కసారిగా గిరాకీ మొదలవుతుంది. మీ ఇంట్లో పట్టింపు లేకపోతే ఆషాఢంలోనే బేరమాడు, వెయ్యి తగ్గినా పదకొండు నెలలకు 11 వేలు. పట్టింపు ఉంటే మాట ఖాయం చేసుకుని శ్రావణంలో పాలు పొంగించుకుని చేరండి, అప్పుడు ఒప్పందం జూన్ దాకా నడుస్తుంది కాబట్టి మేలోనే వెళ్లేట్టయితే ఏమవుతుందో దాన్ని కూడా మాట్లాడుకోండి.

క్యాంపస్ పక్కనే ఉండాలన్న పట్టుదల కూడా కొంచెం సడలించుకోవచ్చు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, మీ ఆధార్‌లో ఖమ్మం అడ్రస్ ఉంటుంది కాబట్టి మీకూ వర్తిస్తుంది. రామంతాపూర్, నాచారం, ఉప్పల్ వైపు కూడా చూడండి. తొందరగా వెళ్లాల్సిన రోజు ఉప్పల్ నుంచి తార్నాకకి మెట్రో రైలు ఉండనే ఉంది.

నాన్న వద్దంటున్నారని రాశావు. ఎందుకు వద్దంటున్నారో ఉత్తరంలో రాయలేదు, బహుశా నువ్వూ అడిగి ఉండవు. ఊళ్లో కూర్చుని ఊహించుకునే ఇల్లు ఎప్పుడూ భయంగానే ఉంటుంది. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు, ఆ ఇద్దరమ్మాయిల ఇంటి నంబర్లు ఇవ్వు, వాళ్ల నాన్నలతో ఒకసారి మాట్లాడించు. ఈ ఆదివారం రమ్మని పిలువు. చూడటానికి రమ్మని పిలువు, ఒప్పుకోమని పిలవకు. ఆయన ఓనర్‌తో అరగంట మాట్లాడితే మనం చూడనివి రెండు మూడు చూస్తారు, పెద్దవాళ్లకు ఆ కన్ను ఉంటుంది. చూశాక కూడా వద్దంటే కారణం అడుగు, ఆ కారణంలో పస ఉంటే ఇంకో ఇల్లు చూద్దువుగాని, జూలై ఒక్కటో తారీఖు దాటితే మునిగిపోయేది ఏమీ లేదు.

విద్యానగర్ ఓనర్ నోటీసు గడువూ పెయింటింగ్ లెక్కా అగ్రిమెంట్‌లో రాయడానికి ఒప్పుకుంటే, నీళ్ల సంగతి పక్కవాళ్లు కూడా బాగుందంటే, తీసుకోండి. "అవన్నీ రాసుకోవడం ఎందుకమ్మా, మేం అలాంటివాళ్లం కాదు" అని దాటవేస్తే మాత్రం నవ్వుతూ దండం పెట్టి వచ్చేయండి. పెయింటింగ్ గురించి ఆయన ఏమన్నారో నాకు రాయి.